టమాటా వదిలి కంపెనీ గెర్కిన్ ఒప్పందానికి వెళ్లాలా? సొంతం రెండెకరాలే, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

మదనపల్లె_సేద్యం:

అందరికీ నమస్కారం. మాది మదనపల్లె దగ్గర ఒక పల్లె. సొంతం రెండెకరాలు, దాన్ని ఆనుకుని ఉన్న ఒకటిన్నర ఎకరా కౌలుకు చేస్తున్నాను. బోరు ఒకటే, డ్రిప్పు ఉంది. పదకొండేళ్లుగా టమాటానే పెడుతున్నాను, మా నాయన కూడా అదే పెట్టేవాడు.

టమాటా రేటు సంగతి ఇక్కడ ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు, కానీ నా పరిస్థితి తెలియాలంటే ఒక్క సంవత్సరం గురించి చెప్పాలి. 2023 జూలై ఆఖర్లో మదనపల్లెలో మంచి కాయ కిలో 190 దాటింది. టమాటా రైతులంతా లక్షాధికారులయ్యారని టీవీల్లో ఒకటే చూపించారు. ఆ రోజు నా చేలో ఉన్నవి నెల రోజుల మొక్కలు. కట్టెలు, దారం, మల్చింగ్ షీటు, మందులు అన్నీ కలిపి ఎకరాకు లక్షన్నర దాకా పెట్టాను, అందులో సగం అప్పు తెచ్చిందే. నా కాయ కోతకు వచ్చింది సెప్టెంబరులో. అప్పటికి కిలో పది రూపాయలకు అటూ ఇటూ అయిపోయింది. కోత కూలి, బండి బాడుగ, మండీ కమీషన్ పోతే చేతికి ఏమీ రావడం లేదని చివరి రెండు కోతలు చేలోనే వదిలేశాను. ఆ అప్పు ఇంకా 80 వేలు ఉంది.

ఇప్పుడు ఒక ఎగుమతి కంపెనీ ఫీల్డ్‌మన్ మా ఊరికి వస్తున్నాడు. గెర్కిన్ అనే చిన్న దోసకాయ పెట్టమంటున్నాడు. విత్తనం, ఎరువులు, మందులు వాళ్లే అప్పుగా ఇస్తారట, కాయ డబ్బుల్లో పట్టుకుంటారట. గ్రేడును బట్టి రేటు ముందే రాసిస్తారు, 90 రోజుల్లో పంట అయిపోతుంది, కాయ తీసుకున్న పదిహేను రోజులకు బ్యాంకులో డబ్బులు పడతాయి అంటున్నాడు. వినడానికి బాగానే ఉంది. కానీ ఒప్పందం కాగితం ఇంగ్లీషులో ఉంది, సంతకంతో పాటు ఒక ఖాళీ చెక్కు కూడా అడుగుతున్నాడు.

మా ఆవిడ ఒప్పుకోమంటోంది. రేటు కొంచెం తక్కువైనా పర్వాలేదు, తెల్లారి మండీలో ఏం పలుకుతుందోనన్న టెన్షన్ లేకుండా ఒక్క పంట తీద్దాం అంటుంది. నాకూ అదే ఆశ. కానీ కాయ పండాక వాళ్లు తీసుకోకపోతే నా గతి ఏంటి? రాసిన రేటు నిజంగా ఇస్తారా? రెండెకరాలూ పెట్టనా, కొంచెమే పెట్టనా? ఏ కంపెనీతోనైనా ఒప్పంద సేద్యం చేసినవాళ్లు, పంట ఏదైనా సరే, జరిగింది జరిగినట్టు చెప్పండి.

కుప్పం_వైపు_రైతు:

తమ్ముడూ, నేను ఆరు పంటలు తీశాను ఈ గెర్కిన్. మూడింట్లో మిగిలింది, రెండు చేసిన కష్టానికి సరిపోయాయి, మొదటిది పూర్తిగా పోయింది. ఆ మొదటిది ఎందుకు పోయిందో చెబితే నీకు సగం జవాబు దొరుకుతుంది.

రాసిన రేటు ఇస్తారా అని అడిగావు. ఇస్తారు. నా ఆరు పంటల్లో ఒక్కసారి కూడా రేటు తగ్గించలేదు. కానీ నీ డబ్బు తేలేది రేటు దగ్గర కాదు తమ్ముడూ, గ్రేడు దగ్గర. కిలోకు 160 కాయలకు పైగా తూగితే అది మొదటి గ్రేడు, తర్వాత 100కు పైన, 60కి పైన, 30కి పైన అని దిగుతుంది. కాయ ఎంత చిన్నగా ఉంటే అంత రేటు. పెద్ద కాయకు చిన్న కాయ రేటులో నాలుగో వంతు కూడా రాదు, ఇంకా పెద్దదైతే అసలు తీసుకోరు. టమాటాలో లావు కాయ చూసి సంతోషపడే కళ్లు మనవి, ఇక్కడ లావు కాయ కనిపిస్తే నష్టం అన్నమాట. ఈ కాయ పెరిగే వేగం కూడా అలాంటిది, ఈ రోజు కోయాల్సింది రేపటికి వదిలితే ఒక గ్రేడు దిగిపోతుంది. విత్తనం వేసిన ముప్పై, ముప్పై ఐదో రోజు నుంచి తీగ అయిపోయేదాకా రోజూ కోయాల్సిందే, ఆదివారం లేదు, పండగ లేదు, ఇంట్లో చావు వచ్చినా చేలో మనిషి ఉండాలి.

మొదటిసారి నేను ఎకరా పెట్టాను. సంక్రాంతికి కూలీలు మూడు రోజులు రాలేదు. నేను, మా ఆవిడ, మా అమ్మ కలిసి ఎంత కోసినా సగం చేను మిగిలిపోయింది. ఆ మూడు రోజుల్లో పెరిగిపోయిన కాయ తొమ్మిది బస్తాలు ఆవులకు వేశాను. వానకు బూజు తెగులు వచ్చింది, మందు కొడదామంటే కంపెనీ చెప్పిన మందు తప్ప వేరేది కొట్టకూడదు, కొడితే అవశేషాలు బయటపడి సరుకు వెనక్కొస్తుందని ఫీల్డ్‌మన్ అన్నాడు. అది న్యాయమైన మాటే, విదేశాలకు పోయే సరుకు కదా. కానీ ఆయన మందు తెచ్చేసరికి నాలుగు రోజులు అయింది.

ఇక గ్రేడింగ్. సాయంత్రం కలెక్షన్ పాయింట్ దగ్గర మన బస్తా కుమ్మరించి వాళ్ల మనిషి కంటితో చూసి వేరు చేస్తాడు. వాళ్ల బండి ఆలస్యమైతే కాయ వాడి తూకం తగ్గుతుంది, ఆ తగ్గింది మన లెక్కలోనే. ఇంటి దగ్గర నేను మొదటి గ్రేడు అనుకున్నది అక్కడ రెండోది అయ్యేది. నోరు మూసుకున్నాను, ఎందుకంటే ఈ కాయకు మన ఊళ్లో వేరే కొనేవాడు లేడు. ఉప్పునీళ్లలోనో వెనిగర్‌లోనో ఊరేసి డ్రమ్ముల్లో, సీసాల్లో బయటి దేశాలకు పోవాల్సిందే. మదనపల్లె మండీలో నీకు అన్యాయం జరిగితే అంగళ్లుకు పోతావు, ములకలచెరువుకు పోతావు, కోలార్‌కు పోతావు. గెర్కిన్ బస్తా ఎత్తుకుని ఎక్కడికి పోతావు? సంతకం పెట్టే ముందు నేను వేసుకోవాల్సిన ప్రశ్న అదే, వేసుకోలేదు.

రెండో పంట నుంచి మార్చాను. అరెకరానే పెట్టాను, ఇంటి మనుషులం కోయగలిగినంత. ఒక రేకుకు గ్రేడు సైజుల్లో రంధ్రాలు కొట్టించి ఇంటి దగ్గరే వేరు చేసి, గ్రేడుకో బస్తా కట్టి, తూకం వేసి నోటు పుస్తకంలో రాసుకుని తీసుకుపోయేవాణ్ణి. వాళ్ల మనిషితో గొడవ పడలేదు, పుస్తకం తెరిచి ముందు పెట్టేవాణ్ణి అంతే. పది రోజులకు తేడా చాలావరకు తగ్గింది. ఆ పంటకు రెండు టన్నుల పైచిలుకు వచ్చింది, అప్పు పట్టుకోగా, కూలి పోగా 28 వేలు మిగిలింది. మా ఇద్దరి కూలి అందులో లెక్కవేయలేదు, అదీ చెప్పాలి.

కాబట్టి పెట్టు, కానీ అరెకరా దాటొద్దు. మిగతా దాంట్లో టమాటా ఉండనీ, లేదా వేరుశనగో బీన్సో వేసుకో.

నడిగడ్డ_పత్తి:

అన్నా, మాది గద్వాల వైపు. మా దగ్గర తరాలుగా పత్తి విత్తనం చేస్తున్నాం, దేశమంతా నాటే బీటీ పత్తి గింజల్లో చాలా భాగం మా చేలల్లో ఆడమగ పూలు కలిపి చేతితో తయారు చేసిందే. తెల్లారకముందే చేలోకి పోయి ఒక్కో పువ్వునూ ముట్టుకుని చేసే పని ఇది. మీ పంట వేరు, మా పంట వేరు, కానీ కాగితం సంగతి ఒక్కటే కాబట్టి చెబుతున్నా.

ముందు ఒకటి చూడు, నీ సంతకం ఎవరితో? మా దగ్గర కంపెనీకీ రైతుకీ మధ్య ఆర్గనైజర్ ఉంటాడు, ఆయన కింద సబ్ ఆర్గనైజర్ ఉంటాడు. పెట్టుబడి డబ్బులు ఆర్గనైజరే ఇస్తాడు, నూటికి రెండు రూపాయల వడ్డీ, అంటే సంవత్సరానికి 24 శాతం. పంట పోతే కంపెనీని అడుగుదామంటే నువ్వెవరో మాకు తెలియదు, మా ఒప్పందం ఆర్గనైజర్‌తో అంటుంది. ఆర్గనైజర్‌ను అడిగితే నాకు పైనుంచి డబ్బులు రాలేదు అంటాడు. మా నాన్న దగ్గర ఇరవై ఏళ్లలో ఒక్క ఒప్పందం కాగితం కూడా లేదు, ఉన్నవన్నీ అప్పు చీటీలే. నీ దగ్గరకు వచ్చే ఫీల్డ్‌మన్ కంపెనీ ఉద్యోగా, మధ్యలో వాడా, ముందు తేల్చుకో. కాగితం మీద కంపెనీ ముద్ర, అధికారం ఉన్న మనిషి సంతకం ఉండాలి.

రెండోది పరీక్ష. మేం విత్తనం ఇచ్చాక జీవోటీ అని ఒకటి చేస్తారు, గింజలు నాటి మొలిపించి అసలు రకమేనా కాదా చూస్తారు. ఫలితం రావడానికి నెలలు పడుతుంది. ఫెయిల్ అని చెబితే డబ్బు లేదు, ఆ గింజలు బయట ఎవరికీ అమ్ముకోలేం. పరీక్ష మా కళ్ల ముందు జరగదు, రెండోసారి వేరేచోట చేయించమంటే వినరు. మా ఇంట్లో ఒక సంవత్సరం సగం సరుకు అట్లా పోయింది. ఫెయిల్ అయిందే అనుకుందాం, దానికి కారణం వాళ్లిచ్చిన మూల విత్తనమా, మా పొరపాటా అన్నది ఎవరు చెప్పాలి?

ఇంకోటి, దీన్ని ఎవరూ ముందు పట్టించుకోరు. ఎంత సరుకు కొంటారు అన్నది రాయించుకో. రేటు రాసి పరిమాణం రాయకపోతే ఆ రేటుకు అర్థమే లేదు. 2025లో మా దగ్గర నాటడం అయ్యాక ఎకరాకు ఇంతకు మించి కొనం అని కంపెనీల నుంచి మాట వచ్చింది, రైతులు రోడ్డెక్కారు, అధికారులు కూర్చోబెట్టి మాట్లాడాల్సి వచ్చింది. నిల్వలు ఎక్కువైతే వాళ్లు ముందు తగ్గించేది మా దగ్గరే. గెర్కిన్‌లో కూడా అంతే కదా, బయటి దేశం ఆర్డరు తగ్గితే నీ ఊరికి బండి రావడం తగ్గుతుంది.

ఏలూరు_గెలలు:

నేను పామాయిల్ రైతుని, ఆరెకరాలు, తోటకు పద్దెనిమిదేళ్లు. మా విధానం మీకు కొంచెం వేరుగా ఉంటుంది కానీ ధర నిలకడ అనే మాట మీద నాకు చెప్పాల్సింది ఉంది.

మాకు 1993 నాటి ఆయిల్‌పామ్ చట్టం ఉంది. ఏ మండలం గెలలు ఏ ఫ్యాక్టరీకి పోవాలో ప్రభుత్వమే జోన్లుగా పంచింది. గెల కోసిన 24 గంటల్లో గానుగకు చేరాలి, లేకపోతే నూనె నాణ్యత పడిపోతుంది, అందువల్ల మేమూ ఎక్కడికీ పోలేం, గెర్కిన్ అన్న చెప్పిన పరిస్థితే. కానీ తేడా ఏంటంటే ఫ్యాక్టరీ మమ్మల్ని కాదనలేదు, తన జోన్ గెలలు కొని తీరాలి. ధర కూడా ఫ్యాక్టరీ ఇష్టం కాదు, ముడి పామాయిల్ రేటు, గెలలో నూనె శాతం రెండూ పెట్టి లెక్క కట్టి నెల నెలా టన్ను ఇంత అని ప్రకటిస్తారు.

అలాగని ధర నిలకడగా ఉంటుందనుకోవద్దు. 2022లో టన్ను 23 వేలు దాటింది. మరుసటి సంవత్సరం 12, 13 వేలకు వచ్చేసింది. 2024 సెప్టెంబరులో కేంద్రం ముడి పామాయిల్ మీద దిగుమతి సుంకం 20 శాతం వేసింది, ఆ ఏడాది చివరికి మళ్లీ 20 వేలకు చేరింది. 2025 మే ఆఖర్లో ఆ సుంకాన్ని 10కి తగ్గించారు, మా గుండెల్లో రాయి పడింది. మలేషియా, ఇండోనేషియాల్లో ఏం జరుగుతుందో, ఢిల్లీలో సుంకం ఎంత పెడతారో చూసుకుంటూ బతుకుతాం. అయినా నేను తోట కొట్టేయలేదు, మా చుట్టుపక్కల వేస్తున్నవాళ్లు పెరిగారు కూడా. ఎందుకంటే లెక్క బయట ఉంది. ఈ నెల ధర ఎందుకు తగ్గింది అంటే కాగితం మీద వేసుకుని చూసుకోగలను. నూనె శాతం మా దగ్గర తక్కువ కడుతున్నారు, తెలంగాణలోని అశ్వారావుపేట వైపు ఎక్కువ కడుతున్నారని తేడా తేలింది కూడా లెక్క బయట ఉండబట్టే. దాని మీద ఏళ్లకేళ్లు పోరాడాం, అక్కడి శాతమే ఇక్కడా కట్టమని. శాతంలో ఒక్క పాయింటు తేడా వచ్చినా ఆరెకరాల రైతుకు సంవత్సరానికి ఎంత పోతుందో ఆలోచించండి.

2021లో వచ్చిన జాతీయ వంటనూనెల మిషన్ (ఆయిల్‌పామ్)లో ఒక మంచి ఆలోచన పెట్టారు, ధర ఒక గిట్టుబాటు లెక్క కంటే కిందికి పడితే ఆ తేడా ప్రభుత్వం భరించాలని. అమలు గురించి మా సంఘాల్లో ఇంకా కొట్లాట ఉంది, కానీ ఆ ఆలోచన కూరగాయలకూ రావాలి. మూడు నెలల పంటకు రైతు ఒక్కడే మొత్తం నష్టాన్ని మోయడం ఎంతకాలం?

మీ విషయంలో నా సలహా ఒక్కటే. రేటు ఎంత అని అడగడంతో ఆపకండి, ఆ రేటు ఎలా వచ్చిందో, గ్రేడు ఎవరు ఎలా తేలుస్తారో కాగితం మీద పెట్టమనండి.

తోతాపురి_చిత్తూరు:

పైన అందరూ జాగ్రత్తలు చెప్పారు, బాగుంది. కానీ ఒప్పందం అసలు లేకపోతే ఎలా ఉంటుందో కూడా అతనికి తెలియాలి కదా. మాది తోతాపురి మామిడి, నాలుగెకరాలు. పల్ప్ ఫ్యాక్టరీలు ఉన్నాయి, ఏ ఫ్యాక్టరీతోనూ ఏ కాగితమూ లేదు. 2025లో కాయ విపరీతంగా దిగింది, ఫ్యాక్టరీల దగ్గర పాత గుజ్జు నిల్వలు ఉన్నాయన్నారు, కొనేవాడు లేడు. కిలోకు 12 రూపాయలు వచ్చేలా చూస్తామని ప్రభుత్వం చెప్పింది, ఫ్యాక్టరీ 8 ఇవ్వాలి, ప్రభుత్వం 4 ఇస్తుంది. ప్రభుత్వం 4 నా ఖాతాలో పడింది. ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టరుతో రెండు రాత్రులు పడుకున్నాను, నా వెనక బండ్లు కిలోమీటరు పైనే ఉన్నాయి, కాయ కారిపోతోంది. చివరికి తీసుకున్నారు కానీ నేను కాయ వేసిన ఫ్యాక్టరీ 8 ఇవ్వలేదు, ఇచ్చిన దానికి కూడా నెలల తరబడి తిరిగాను. అడగడానికి నా చేతిలో తూకం చీటీ తప్ప ఏమీ లేదు.

అందుకే నేను చెప్పేది, కాగితం ఇచ్చేవాడు వచ్చాడంటే తోసిపుచ్చొద్దు. స్వేచ్ఛగా అమ్ముకునే హక్కు అంటారు, కారిపోతున్న కాయ మీద స్వేచ్ఛ ఎన్ని గంటలు ఉంటుంది? నీ టమాటా కూడా అంతే కదా తమ్ముడూ.

సంఘం_లెక్కలు:

నేను అనంతపురం వైపు ఒక రైతు ఉత్పత్తిదారుల సంఘంలో లెక్కలు చూస్తాను, ఒప్పందాలు రాసుకునే పని కూడా నా మీదే పడింది కాబట్టి కొంచెం ఎక్కువే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మొదట చట్టం సంగతి, ఎందుకంటే చాలామంది పాత సమాచారం చెబుతుంటారు. 2020లో కేంద్రం తెచ్చిన మూడు సాగు చట్టాల్లో ఒకటి ఒప్పంద సేద్యం మీదే. అందులో వివాదం వస్తే సివిల్ కోర్టుకు పోకూడదు, సబ్ కలెక్టర్ స్థాయి అధికారి దగ్గరే తేల్చుకోవాలని ఉండేది. 2021 చివర్లో మూడూ రద్దయ్యాయి. ఇప్పుడు మన రాష్ట్రంలో ఉన్నది 1966 నాటి మార్కెట్ల చట్టం, దాన్ని 2005లో సవరించినప్పుడు ఒప్పంద సేద్యానికి చోటు పెట్టారు. కొనేవాడు నమోదు చేసుకోవాలి, ఒప్పందాన్నీ నమోదు చేయించాలి, రైతు భూమి మీద కంపెనీకి ఏ హక్కూ రాకూడదు. నమోదు చేయించని కాగితమైతే మామూలు కాంట్రాక్టు చట్టం కింద కోర్టుకు పోవడమే మిగులుతుంది, రెండెకరాల రైతు 30 వేల కోసం ఎన్ని వాయిదాలు తిరుగుతాడు? అందుకే మార్కెట్ కమిటీ ఆఫీసులో నమోదు చేశారా అని ఫీల్డ్‌మన్‌ను అడగండి. ఆయన ముఖం చూస్తేనే చాలావరకు తెలిసిపోతుంది.

ఒప్పందం తెలుగు ప్రతి అడగండి, రెండు భాషల్లో తేడా వస్తే తెలుగుదే చెల్లుతుందని ఒక వాక్యం రాయించండి. గ్రేడు అంటే కిలోకు ఎన్ని కాయలో అంకెల్లో ఉండాలి, మీ ముందే తూకం, అప్పుడే చీటీ. తీసుకోని కాయ మీకు వెనక్కి ఇవ్వాలి, పారేయకూడదు, ఎందుకు తీసుకోలేదో చీటీ మీద రాయాలి. రోజూ ఎన్ని గంటలకు బండి వస్తుంది, రాకపోతే ఆ రోజు కాయకు ఎంత ఇస్తారు అన్నది మాత్రం వదలకండి, మా సభ్యులు ఎక్కువ నష్టపోయింది అక్కడే. అప్పుగా ఇచ్చే ఎరువుల సంచీకి, మందు డబ్బాకు ఎంత ధర కడుతున్నారో ముందే రాయించి మీ ఊరి అంగడి ధరతో పోల్చి చూడండి. ఒకసారి మేం పోల్చితే మందు ధరలు మూడో వంతు ఎక్కువ తేలాయి, రేటులో ఇచ్చిందంతా అక్కడ లాగేసుకున్నట్టే. వాళ్లిచ్చిన విత్తనం మిగిలితే దాచుకోవద్దు, పక్కవాళ్లకు ఇవ్వొద్దు. 2019లో గుజరాత్‌లో తన రకం బంగాళదుంప వేశారని పెప్సికో కొందరు రైతుల మీద ఒక్కొక్కరి నుంచి కోటి రూపాయలకు పైగా అడుగుతూ కేసు వేసింది. దేశమంతా గొడవయ్యాక కేసులు వెనక్కి తీసుకుంది కానీ ఆ రైతులు పడిన భయం ఎవరు తీరుస్తారు.

కౌలు భూమి మీద సంతకం పెట్టకండి. 2019 సాగుదారుల హక్కుల చట్టం కింద వచ్చే కౌలు కార్డు 11 నెలలకే, అదీ యజమాని ఒప్పుకుంటేనే. మధ్యలో ఆయన భూమి ఖాళీ చేయమంటే మీరు కంపెనీకి బాకీదారుగా మిగులుతారు.

ఇప్పుడు చెప్పేది మా తప్పు, అది కూడా చెప్పకపోతే న్యాయం కాదు. కొన్నేళ్ల క్రితం మా సంఘం ఒక గుజ్జు తయారీ యూనిట్‌తో టమాటా ఒప్పందం చేసుకుంది. కిలోకు ఎప్పుడూ ఒకటే ధర, పెట్టుబడి పోను కొంత మిగిలే ధర. మొదటి నెల మార్కెట్ ధర అంతకంటే తక్కువ, అందరూ యూనిట్‌కే వేశారు, సంతోషం. రెండో నెల మార్కెట్ మూడింతలైంది. ఒక్క వారంలో నలభై మందిలో ముప్పై ఒక్కరు మండీకి వెళ్లిపోయారు. నేను ఇంటింటికీ తిరిగాను, అక్కా మా అప్పులు నీకు తెలియవా అన్నారు, నిజమే, నాకు తెలుసు, నేను ఏం అనగలను. యూనిట్ వాళ్లు కేసు వేయలేదు, మరుసటి సంవత్సరం రాలేదు అంతే. ఆ మరుసటి సంవత్సరమే టమాటా రోడ్డు మీద పోశారు మావాళ్లు. బయట కొనేవాడు ఉన్న పంటలో ఒప్పందం రైతు చేతిలో తెగుతుంది, కొనేవాడు లేని పంటలో కంపెనీ చేతిలో తెగుతుంది, నేను చూసినంతలో ఇలాగే జరిగింది. అందుకే టమాటాకైతే ఒకే ధర కాకుండా, ఒక కనీస ధర పెట్టి, మార్కెట్ పెరిగితే ఆ పెరిగిన దాంట్లో సగం రైతుకు అని రాసుకోవాలని మేం ఇప్పుడు అడుగుతున్నాం. ఒక కొనుగోలుదారు ఒప్పుకున్నాడు, ఈ సీజన్ చూడాలి.

మీరు ఒక్కరే వెళ్తే ఏ మాటా మార్చరు. మీ ఊళ్లో ఆ ఫీల్డ్‌మన్ ఎంతమందిని అడిగాడో కనుక్కోండి, పదిమంది కలిసి ఒకే కాగితం మీద ఒకే షరతులు అడగండి. కలెక్షన్ పాయింట్‌కు సరుకు కావాలంటే ఆయనకు ఒక ఊళ్లో కనీసం ఇన్ని ఎకరాలు ఉండాలి, మీ బలం అదే.

మదనపల్లె_సేద్యం:

అందరికీ చాలా కృతజ్ఞతలు. రెండు రాత్రులు కూర్చుని నేను, మా ఆవిడ ఇవన్నీ చదివాం. మా ఊళ్లో అడిగితే ఫీల్డ్‌మన్ పద్నాలుగు మందిని కలిశాడని తేలింది. తొమ్మిది మందిమి కలిసి నిన్న ఆయన్ను కూర్చోబెట్టాం. గ్రేడు అంకెలు రాయడానికి, తూకం చీటీ ఇవ్వడానికి, తెలుగు ప్రతికి ఒప్పుకున్నాడు. బండి రాని రోజు కాయకు డబ్బు అంటే పైవాళ్లను అడగాలి అన్నాడు. మార్కెట్ కమిటీ నమోదు గురించి అడిగితే అలాంటిది అవసరం లేదు, ఎక్కడా చేయలేదు అన్నాడు, అది నాకు నచ్చలేదు. ఆయన మాత్రం కంపెనీ ఉద్యోగే, గుర్తింపు కార్డు చూపించాడు.

అరెకరా పెడదామనుకుంటున్నాను, సొంత భూమిలోనే. కౌలు దాంట్లో బీన్స్. మిగతా దాంట్లో టమాటా, అది వదిలేయడానికి మనసు ఒప్పుకోలేదు. ఒక్క విషయం మిగిలింది, ఖాళీ చెక్కు లేకుండా విత్తనం ఇవ్వను అంటున్నాడు. ఏం చేయమంటారు?

కుప్పం_వైపు_రైతు:

ఖాళీది ఇవ్వొద్దు తమ్ముడూ, తొమ్మిది మందిలో ఒక్కరు కూడా ఇవ్వొద్దు. నేను మొదటిసారి ఇచ్చి దాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి రెండేళ్లు తిరిగాను. అంతగా పట్టుబడితే అరెకరాకు వాళ్లిచ్చే విత్తనం, ఎరువుల ధర ఎంతో అంత అంకె వేసి, కంపెనీ పేరు రాసి, అడ్డంగా రెండు గీతలు గీసి ఇవ్వు, చెక్కు నంబరు ఒప్పందంలో రాయించి ఫోటో తీసి పెట్టుకో. అప్పు తీరిన రోజే చెక్కు వాపసు అని కూడా రాయించు. మాకు మూడో పంట నుంచి అలాగే తీసుకుంటున్నారు, మీకూ తీసుకుంటారు. బండి రాని రోజు సంగతి మాత్రం పైవాళ్లు ఏమన్నారో తెలిసేదాకా విత్తనం ముట్టుకోకు, ఒకసారి గింజ నేలలో పడ్డాక నీ మాట ఎవరూ వినరు.

కోతకు మీ ఇద్దరే అయితే అరెకరా మొత్తం ఒకే రోజు వేయకు, పది రోజుల తేడాతో రెండు ముక్కలుగా వెయ్యి, కోత భారం ఒక్కసారే మీద పడదు. రేకు రంధ్రాల కొలతలు కావాలంటే చెప్పు, నా రేకు ఫోటో పెడతాను. కాటా మాత్రం స్ప్రింగుది కొనకు, చిన్న ఎలక్ట్రానిక్‌ది తీసుకో, తొమ్మిది మంది కలిసి ఒకటి కొన్నా సరిపోతుంది.